అయ్యగారి యింటి తలుపు

అశోక్ చౌక్‌లో సాంచాల చప్పుడు నడుమ పెరిగిన మనకు ఒక లెక్క బాగుగ తెలియును. వేసిన నూలునుబట్టియే గుడ్డ దిగును. కిలో నూలిచ్చి రెండు కిలోల దుప్పట్లు నేయుమని అడుగువాడు మనలో లేడు. కాని తెలుగు క్రైస్తవ కుటుంబములవారమైన మనము సంఘకాపరిని అడుగుచున్నది సరిగా అదియే.

అయ్యగారు ఆదివారము ప్రసంగింపవలెను. అది వారి పని, ఆక్షేపణ లేదు. సోమవారము ఆసుపత్రిలో రోగి ప్రక్క నుండవలెను. మంగళవారము అన్నదమ్ముల పంపకములో పెద్దమనిషి కావలెను. అర్ధరాత్రి తలుపు తట్టినను నవ్వు మొగముతో లేవవలెను. వారికి జ్వరము రాకూడదు. వచ్చినచో విశ్వాసము చాలలేదందుము. కొత్త చొక్కా తొడిగిన ఆడంబరము, పాతది తొడిగిన సంఘమునకు అవమానము!

అమ్మగారి సంగతి మరింత విచారకరము. ఆమెను ఎవరును నియమింపలేదు, ఆమెకు జీతము లేదు. అయినను స్త్రీల కూటము, ఆదివారపు బడి, పాటల అభ్యాసము, వచ్చినవారికెల్ల టీ, అన్నియు ఆమె మీదనే. మన యిండ్లలో స్త్రీలు బీడీలు చుట్టినచో వేయింటికింత యని లెక్క కట్టి తీసికొందురు. అమ్మగారి శ్రమకు మాత్రము లెక్క లేదు. ఒక కూటమునకు రానిచో నింద కలదు.

ఇక పిల్లలు. మన బిడ్డలు మరాఠీ బడులలో చదివి తెలుగు అక్షరములను కూడబలుకుకొనుచున్నారు. అందులకు మనకు సిగ్గు లేదు. అయ్యగారి కుమారుడు మాత్రము తెలుగు బైబిలును తడబడక చదువవలెను. తండ్రికి బదిలీ యైనప్పుడెల్ల బడి మారిన ఆ పిల్లవాడు ఒక పరీక్ష తప్పినచో ఆ వార్త మూడు వీధులు తిరిగి వచ్చును. (మన పిల్లలు తప్పిన వార్త మన గుమ్మము దాటదు.) మనము పోగొట్టుకొనుచున్న భాషను కాపాడు భారమును గూడ ఆ యొక్క కుటుంబము నెత్తిన పెట్టితిమి.

ఇది పూర్వాచారమని కొందరందురు. పూర్వము చూతము. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని, అలసినవారు గట్టెక్కగా తక్కినవారు నీటిలోనికి దిగిరి. అంతటి దినమున సైతము అలసట తప్పు కాలేదు. పౌలు గుడారములు కుట్టుకొని బ్రదుకలేదా యని మరికొందరి ప్రశ్న. కుట్టెను, కాని ఆయన వెంట భార్యాబిడ్డలు లేరు.

మన కోరికలు మూడే. వారమునకొక దినము అయ్యగారి యింటి తలుపు మూసియుండనిండు. అమ్మగారి సేవ కావలసినచో ముందుగా అడుగుడు, ఆమె కాదన్నచో ఊరకుండుడు. జీతమును ధరలతోపాటు ఏటేట సవరింపుడు. ఇవి అయ్యగారు మనచేత అడిగించినవి కావు. వారు నోరు విప్పినచో మనమేమందుమో వారెరుగుదురు.