తేలు డెక్కయు వేదాంతమును

వైశాఖ పూర్ణిమనాడు చంద్రుడు చేరువగానుండు విశాఖలో జుబెనెల్‌గెనుబి యను తార యొకటి కలదు. ఆ యరబ్బీ నామమునకు ‘దక్షిణపు డెక్క’ యని యర్థము. ప్రాచీన గ్రీకు జ్యోతిష్కులు తులారాశిలోని చుక్కలను వృశ్చికము ముందునకు చాచిన డెక్కలుగా నెంచియుండుటచే, ఆ వాడుకయే అరబ్బుల నోట నిలిచి నేటికిని చెల్లుచున్నది.

అట్టి పేరునకు 1893లో బుల్లింగరను ఆంగ్ల మతాచార్యుడు, తనకు ముందు ఫ్రాన్సెస్ రోల్‌స్టన్ యను విదుషి కూర్చిన ధాత్వర్థములను నమ్మి, ‘చాలని వెల’ యనియు, దాని జోడుతారకు ‘కప్పెడి వెల’ యనియు అర్థములు చెప్పి, మానవుడు చెల్లింపజాలని పాపఋణమును క్రీస్తు తీర్చునని తులారాశి సృష్ట్యాదినుండి చాటుచున్నదని వ్యాఖ్యానించెను. భావము రమ్యమే, కాని తేలు డెక్కనుండి వెలను పుట్టించు వ్యాకరణ మే భాషలోనిది?

ఇంతకంటె సాహసికుడు ఆగ్స్‌బర్గు న్యాయవాది యూలియస్ షిల్లర్. అతడు 1627లో వెలువరించిన క్రైస్తవ ఖగోళపటములో ద్వాదశరాశులను పన్నిద్దరు అపొస్తలులకు పంచి, మేషమును పేతురుగా, మన సప్తర్షులున్న తావును పేతురు పడవగా, దక్షిణాకాశపు మహానౌకను నోవహు ఓడగా చిత్రించెను. జ్యోతిష్కులు దాని నాదరింపలేదు. అయినను నాకు షిల్లరే నచ్చును. ఏలయన, పాత పేర్లను తీసి తన భక్తికి తగిన పేర్లు పెట్టుచున్నానని యతడు బాహాటముగా చెప్పెనే గాని, పూర్వుల నోట తన మాటను పెట్టలేదు.

ఆకాశము దైవమహిమను చాటునని నమ్మువారితో నాకు వివాదము లేదు. ఆ నమ్మికకు నిఘంటువును వంచవలసిన పని లేదనుటయే నా మనవి. మన తెలుగు బైబిలు అనువాదకులు యోబు గ్రంథమున కృత్తికను, మృగశిరను ఆ పేళ్లతోనే నిలిపిరి. తొలకరికి ముందు మృగశిరకార్తె నెంచుకొను రైతు, ఆదివారము గుడిలో ఆ గ్రంథము చదువునప్పుడును అదే చుక్కను గుర్తించును. అందువలన నాతని విశ్వాసమునకు వచ్చిన లోపమేమియు లేదు.