రాసిచ్చాక మొదలయ్యే పని

అమెరికాలో మెయిన్ రాష్ట్ర తీరాన మౌంట్ డెసర్ట్ అనే దీవి ఉంది. అక్కడ స్ప్రూస్, ఫర్ చెట్లు సముద్రపు రాళ్ల దాకా దిగివస్తాయి. పెట్రోలుతో నడిచే, ఎక్కడికైనా తరలించగలిగే రంపపు మిల్లులు వచ్చేసరికి, వేసవి విడిదికి వచ్చే సంపన్నులకు ఈ అడవి మిగలదన్న భయం పట్టుకుంది. దాన్ని కాపాడేందుకు 1901లో ఒక ట్రస్టు పెట్టారు. 1908లో ఎలైజా హోమన్స్ అనే ఆవిడ బీహైవ్ కొండనూ, దాని పక్కనున్న చిన్న చెరువునూ దానికి రాసిచ్చింది. అక్కణ్నుంచి ట్రస్టు పని చూసే జార్జ్ డార్ కొండ తర్వాత కొండ కూడబెట్టాడు, కొన్ని అడిగి, కొన్ని సొంత డబ్బుతో కొని.

డార్ ఉదారతకంటే ఆ తర్వాత ఆయన పడ్డ చాకిరీయే నాకు గొప్పగా తోస్తుంది. 1913లో ట్రస్టు చార్టరుకే ఎసరుపెట్టే బిల్లు శాసనసభకు వచ్చింది. రాజధానికి పరుగెత్తి దాన్ని ఆపించాడు. ఈసారి ఆగింది, మరోసారి ఆగుతుందా? దేశానికే ఇచ్చేద్దామని వాషింగ్టన్ వెళితే, హక్కు పత్రాలు సరిచేసుకుని రమ్మన్నారు. హద్దులు, పాత దస్తావేజులు తేల్చుకునేసరికి రెండేళ్లు పట్టింది. 1916లో 5,000 ఎకరాలకు పైగా జాతీయ స్మారక స్థలమైంది, 1919లో జాతీయ పార్కు. ఇప్పటి అకేడియా అదే. వారసత్వంగా వచ్చిన ఆస్తిని దాదాపు అంతా దీనికే ఖర్చుపెట్టి, 1944లో డార్ కన్నుమూశాడు.

1947 అక్టోబరు కార్చిచ్చులో పార్కు భూమి 10,000 ఎకరాల పైచిలుకు కాలిపోయింది. ఆ నేలను ప్లాట్లు వేసి అమ్మే వీలు ఎవరికీ లేదు. స్ప్రూస్ పోయినచోట బిర్చ్, ఆస్పెన్ లేచాయి.

మనకూ భూమి ఇచ్చిన చరిత్ర ఉంది. 1951లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన 100 ఎకరాలతో భూదానం మొదలైంది. అది పేదల సాగుకోసం, అడవికోసం కాదు. అయినా ఆ ఉద్యమంలో ఇచ్చిన భూములు ఎన్నో హద్దులు తేలక, రికార్డులకు సరిగా ఎక్కక ఆక్రమణల పాలయ్యాయి. డార్ రెండేళ్లు దేనికోసం తిరిగాడో ఇక్కడ తెలుస్తుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో సొంత భూమిలోని అడవిని కాపాడుకునేందుకు మనకూ ఒక దారి ఏర్పడింది. సొంతదారు ముందుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. భూమి అతనిదే. రిజర్వు నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా దాని వాడకం మాత్రం మార్చకూడదు. కేరళలో కడలుండి నదీముఖపు మడ అడవికి 2007లో ఈ హోదా దక్కింది. మన తీరంలో పట్టా భూమిలో మడచెట్లున్నవాళ్లు, రొయ్యల చెరువుకు లీజు అడిగేవాళ్లు గుమ్మం ఎక్కకముందే సర్వే చేయించుకుని, పాసుపుస్తకం, అడంగల్ సరిచూసుకుని, వారసులందరి సంతకాలతో అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవాలి.