బరువు తూయకుండా అలర్టులెందుకు?

వార్ఫరిన్ వేసుకుంటున్న రోగికి కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ తోడైతే రక్తం ప్రమాదకరంగా పల్చబడుతుంది. ఈ రెండింటినీ కలిపి రాయబోతే ఆర్డరునే తీసుకోకుండా కంప్యూటర్‌ను కట్టడి చేసి ఫిలడెల్ఫియాలోని రెండు బోధనాసుపత్రుల్లో పరీక్షించారు. ఫలితం ఘనంగానే కనిపించింది. ఆ కట్టడి ఎదురైన సందర్భాల్లో 57 శాతం మేర వైద్యులు వెనక్కి తగ్గారు. పాత పద్ధతిలో తగ్గింది 13.5 శాతమే. అయినా ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఇద్దరికి యాంటీబయోటిక్, మరో ఇద్దరికి వార్ఫరిన్ వేళకు అందలేదు. 2010లో వెలువడిన ఈ అధ్యయనాన్ని మన ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ కొనే కమిటీలు ఒక్కసారైనా చదవాలి.

రక్తం పల్చబడే మందులతో వ్యవహారం ముందు నుయ్యి, వెనుక గొయ్యి. డోసు ఎక్కువైతే మెదడులోనో పేగుల్లోనో రక్తస్రావం. తక్కువైతే పక్షవాతం, లేదా కాలి సిరలోని గడ్డ ఊపిరితిత్తులకు చేరడం. కంప్యూటర్ సాయం తీసుకోవాలన్న ఆలోచనలో తప్పు లేదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి దాన్ని నిరూపించింది కూడా. గడ్డలు కట్టే ముప్పు ఉన్నా నివారణ చికిత్స అందని రోగులను అక్కడ కంప్యూటరే వెతికి పట్టుకుని డాక్టరుకు చెప్పింది. సుమారు 2,500 మందిపై జరిగిన ఆ అధ్యయనం 2005లో అచ్చయింది. 90 రోజుల్లో గడ్డలు కట్టినవారు అలర్టు లేని వర్గంలో 8.2 శాతం, అలర్టు ఉన్న వర్గంలో 4.9 శాతం. అలర్టు అందాక కూడా నివారణ చికిత్స మొదలైంది మూడింట ఒక వంతు రోగులకే. నిర్ణయం డాక్టరు చేతిలోనే ఉంది, మరచిపోయింది మాత్రం గుర్తుకొచ్చింది. ఫిలడెల్ఫియాలో తలుపే మూసేశారు.

యేల్ విశ్వవిద్యాలయ పరిధిలోని ఆరు ఆసుపత్రుల అనుభవం ఇంకా చేదు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అలర్టులు పంపితే మొత్తమ్మీద మేలేమీ కనపడలేదని, బోధనేతర ఆసుపత్రుల్లోనైతే అలర్టు వెళ్లిన వర్గంలోనే మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2021లో తేలింది. మన జిల్లా ఆసుపత్రులు ఏ కోవకు దగ్గరో వేరే చెప్పాలా?

ఇక డోసు లెక్కకు వద్దాం. 80 ఏళ్ల వృద్ధురాలు, 44 కిలోలు, క్రియాటినిన్ 1.1 అనుకోండి. చాలా ల్యాబుల్లో అది నార్మల్ కిందే లెక్క. వయసు, బరువు కలిపి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో చూస్తే మాత్రం ఆమె మూత్రపిండాల వడపోత నిమిషానికి 28 మిల్లీలీటర్లే. 30 కంటే తగ్గితే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ చికిత్స డోసు కిలోకు 1 మి.గ్రా. చొప్పున రోజుకు ఒక్కసారే. అంటే 44 మి.గ్రా. అలవాటు కొద్దీ కేస్ షీట్‌లో ‘60 బీడీ’ (రోజుకు రెండుసార్లు 60) అని రాస్తే రోజుకు 120 మి.గ్రా. వెళ్తుంది. రాత్రి రెండింటికి, అడ్మిషన్ల ఒత్తిడిలో ఉన్న హౌస్ సర్జన్ ఈ గుణకారాలు చేయలేదని తప్పు పట్టలేం. అలాంటి చోటే కంప్యూటర్ అక్కరకు రావాలి.

వస్తుందా? మంచం మీద నుంచి లేవలేని మనిషిని ఎవరూ తూయరు. ‘ఓ అరవై ఉంటుందిలే’ అని రాసేస్తారు. ఆ అంకె పెట్టి చూడండి, అదే వృద్ధురాలి వడపోత 38 దాటుతుంది. అలర్టు రాదు. పైగా ‘60 బీడీ’ అక్షరాలా సరైన డోసుగా కనిపిస్తుంది. తప్పుడు బరువు ఇస్తే యంత్రం తప్పుడు డోసుకు ముద్ర వేసి ఇస్తుంది, అంతకుముందు కనీసం అనుమానమైనా మిగిలేది. కవిటి, సోంపేట మండలాల్లాంటి ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే రోగి విషయంలో ఇది మరీ ప్రమాదం. అక్కడ కిడ్నీ జబ్బు చాలామందిలో చడీచప్పుడు లేకుండా ముదురుతుంది. నాలుగు రోజుల కిందటి క్రియాటినిన్‌ను నమ్ముకుని డోసు వేయడానికి లేదు.

భయంతో డోసు తగ్గించడమూ తప్పే. గుండె లయ తప్పినవారికి అపిక్సబాన్ మామూలు డోసు రోజుకు రెండుసార్లు 5 మి.గ్రా. వయసు 80 లేదా ఆపైన, బరువు 60 కిలోలు లేదా ఆలోపు, క్రియాటినిన్ 1.5 లేదా ఆపైన — మూడింటిలో రెండుంటేనే 2.5కు దించాలి. ‘పెద్దాయన కదా’ అని దించేస్తే పక్షవాతం ముప్పు అలాగే ఉండిపోతుంది. ఎక్కువైనప్పుడు మోగే అలర్టు తక్కువైనప్పుడూ మోగాలి.

గుండెలో కృత్రిమ కవాటంతో, వార్ఫరిన్ కోవకే చెందిన ఎసిట్రోమ్ మీద బతుకుతున్నవారి సంగతి వేరు. విరేచనాలకు మందుల షాపులో కొనుక్కున్న మెట్రోనిడజోల్, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్ఆర్‌ను వారిలో పైకి ఎగదోస్తుంది. ఆ కొనుగోలు ఏ ఆసుపత్రి కంప్యూటర్‌కూ తెలియదు. అడ్మిషన్ వేళ ఎవరో ఒకరు కూర్చుని అడగాల్సిందే.

ఆ అడిగే మనిషి మనకు లేకపోలేదు. క్లినికల్ ఫార్మసిస్టులను తయారుచేసే ఫార్మ్‌డీ కోర్సు దేశంలో 2008లో మొదలైంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కాలేజీలకు కొదవ లేదు. ఆరేళ్లు చదివి వార్డులో కాలు పెట్టే ఉద్యోగం దొరక్క వేరే దారి చూసుకుంటున్నవారెందరో. డోసు అలర్టు ముందు వారికి వెళ్లాలి. బరువు, క్రియాటినిన్ సరిచూసి, మార్చాల్సిన డోసు లెక్కగట్టి డాక్టరుకు ఫోన్ చేస్తే ఆ మాట వింటారు. తెర మీద రోజుకు యాభైసార్లు వెలిగే ఎర్ర పెట్టెను ఎవరూ చదవరు, వేలు దానంతటదే ‘ఓకే’ నొక్కేస్తుంది.

కాబట్టి అలర్టుల సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచే ముందు ప్రతి వార్డుకూ పడుకోబెట్టి తూచే పరికరం కొనాలి. మొదట రెండు మూడు అలర్టులే పెట్టాలి: బరువు నమోదు కాకపోవడం, వడపోత 30 కంటే తగ్గడం, రక్తం పల్చబడే మందులు రెండు రకాలు ఒకేసారి రాయడం. వేటిని, ఎందుకు డాక్టర్లు తోసిపుచ్చారో నెలకోసారి ఆసుపత్రి ఔషధ కమిటీ చూడాలి. పనికిరానిదని తేలిన అలర్టును కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడకుండా తీసేసే అధికారం ఆ కమిటీకి ఉండాలి. ఆ షరతు ఒప్పందంలోనే రాయించుకోవాలి.