మబ్బు సాకుతో మన్యాన్ని వదిలేయొద్దు

విశాఖ మన్యంలో ఇంటి మీద సోలార్ మాట ఎత్తితే చాలు, ‘ఇక్కడ ఎండెక్కడుంది?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అడగడంలో తప్పేమీ లేదు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుంది. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద జూన్‌లో కమ్ముకున్న మబ్బు అక్టోబరు దాకా వదలదు. కానీ ఆ ప్రశ్ననే జవాబుగా తీసుకుని, సోలార్ అంటే కర్నూలు, అనంతపురం ఎండలకే తగిన వ్యవహారమని కొండల్ని పక్కన పెట్టడం మాత్రం తప్పు. చల్లటి చోట, మబ్బు పట్టే చోట సోలార్ ప్యానెళ్లు పనిచేస్తాయి. మైదానం కోసం రాసిన పథకాన్ని అక్షరం మార్చకుండా కొండెక్కిస్తే ఆ పథకమే పనిచేయదు. మార్చాల్సింది పథకాన్ని.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. ఒక కిలోవాట్ ప్యానెల్ అని ముద్ర వేసేటప్పుడు కంపెనీలు పరీక్షించేది 25 డిగ్రీల సెల్సియస్ వద్ద. ప్యానెల్ అంతకు మించి వేడెక్కే కొద్దీ ప్రతి డిగ్రీకీ దాని ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతూ ఉంటుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో డాబా మీద పెట్టిన ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, అంత ఎండలోనూ అది తన శక్తిలో ఏడో వంతుకు దగ్గరగా పోగొట్టుకుంటుంది. డిసెంబరులో అరకు లోయలో ఉదయం మంచు విడిపోయాక కాసే చల్లటి ఎండలో ఆ నష్టం చాలా మేరకు ఉండదు. పైగా కొండగాలిలో దుమ్ము తక్కువ, పడే వానే ప్యానెళ్లను కడిగేస్తుంది. మబ్బు పట్టినప్పుడు కూడా వెలుతురు చెదిరి అన్ని వైపుల నుంచీ వస్తూనే ఉంటుంది. ఉత్పత్తి తగ్గుతుంది, ఆగిపోదు.

ఇది పుస్తకాల్లోని వాదన కాదనడానికి జర్మనీ ఉంది. ఆ దేశం 47, 55 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంటుంది. డిసెంబరు చివర బెర్లిన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రానికి 14 డిగ్రీల పైకి రాడు. అలాంటి చోట 1990లో వెయ్యి ఇళ్ల కప్పులతో ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. 2000లో పునరుత్పాదక ఇంధన చట్టం వచ్చింది. ఇంటి యజమాని గ్రిడ్‌కు ఇచ్చే ప్రతి యూనిట్‌కూ 20 ఏళ్లపాటు స్థిరమైన ధర చెల్లిస్తామని ఆ చట్టం హామీ ఇచ్చింది. ఆకాశంలో ఏమీ మారలేదు, చట్టం మారింది. జనం బ్యాంకుకు వెళ్లి ధైర్యంగా అప్పు తీసుకున్నారు. ఆ గిరాకీని చూసి చైనా కర్మాగారాలు విస్తరించాయి, ప్యానెళ్ల ధర పదో వంతు కంటే కిందికి దిగింది. మనం ఇవాళ చవకగా కొంటున్న ప్యానెల్ వెనుక మబ్బు దేశపు ఇంటి యజమానులు పాతికేళ్ల కిందట పెట్టిన పెట్టుబడి ఉంది.

2025 ఆరంభం నాటికి జర్మనీ సోలార్ సామర్థ్యం దాదాపు 100 గిగావాట్లు. అదే ఏడాది జనవరిలో భారత్ కూడా 100 గిగావాట్ల మైలురాయిని దాటింది. విస్తీర్ణంలో మన దేశం జర్మనీకి తొమ్మిది రెట్లు, ఎండ విషయంలో పోలికే లేదు. మన సోలార్‌లో అత్యధిక భాగం నేల మీద పరిచిన పెద్ద ప్లాంట్లలో ఉంటే, అక్కడ చాలా భాగం ఇళ్ల మీద, గిడ్డంగుల మీద, పశువుల కొట్టాల మీద ఉంది. అద్దె ఇంట్లో ఉన్నవారు బాల్కనీ కమ్మీకి బిగించుకునే చిన్న ప్యానెళ్లను 2024లో 800 వాట్ల దాకా అనుమతించారు, సరైన కారణం లేకుండా ఇంటి యజమాని అడ్డుచెప్పకుండా చట్టం సవరించారు. పది లక్షలకు పైగా కుటుంబాలు అలా బాల్కనీలో కరెంటు తయారు చేసుకుంటున్నాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. జర్మనీలో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాదికి ఇచ్చేది సుమారు 950 నుంచి 1,000 యూనిట్లు. తెలుగు మైదానాల్లో అదే కిలోవాట్ 1,400 యూనిట్లకు పైగా ఇస్తుంది. కొండల మీద మబ్బు వల్ల మైదానంలో వచ్చేదానికంటే అయిదో వంతు తగ్గిందనుకున్నా 1,100 యూనిట్లు దాటుతుంది. జర్మన్లు దేన్ని లాభసాటి అనుకుని అప్పు చేసి పెట్టుకున్నారో అంతకంటే ఇది ఎక్కువే. పాడేరు 18 డిగ్రీల అక్షాంశంలో ఉంది. డిసెంబరులో కూడా ఇక్కడ పగలు పదకొండు గంటలు, మధ్యాహ్నపు సూర్యుడు బెర్లిన్‌లో కంటే మూడు రెట్లకు పైగా ఎత్తులో ఉంటాడు. జర్మనీని కుంగదీసేవి మూడు: మబ్బు, వాలిపోయిన సూర్యుడు, కురచ పగలు. మనకు వాటిలో ఒక్కటే ఉంది. అది కూడా సూర్యుడు నడినెత్తిన ఉండి పగళ్లు పొడవుగా ఉండే వానాకాలంలో వస్తుంది.

అంత దూరం వెళ్లనక్కర్లేదనుకుంటే కేరళను చూడొచ్చు. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం పడే రాష్ట్రం అది. అయినా ఇళ్ల మీద సోలార్ పెట్టుకోవడంలో దేశంలోనే ముందు వరుసలో ఉంది. అక్కడి విద్యుత్ బోర్డు ‘సౌర’ పేరిట కార్యక్రమం నడిపింది, జనం నమ్మారు.

అలాగని వానాకాలపు లోటును దాచిపెట్టి సోలార్‌ను అమ్మజూపడాన్ని మేం సమర్థించం. వరుసగా ముసురు పట్టిన రోజుల్లో ప్యానెల్ ఇచ్చేది ఎండ రోజు ఉత్పత్తిలో పావు వంతో, అంతకంటే తక్కువో. జులై, ఆగస్టు నెలల్లో కొండ మీది కుటుంబం ఏప్రిల్ నాటి యూనిట్లను ఆశిస్తే నిరాశ తప్పదు. ‘కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు’ అని విశాఖలో అచ్చేసిన కరపత్రాన్నే చింతపల్లిలోనూ పంచడం మోసం. ఒక ఊళ్లో ఒక ఇంట్లో ఆ మాట అబద్ధమని తేలితే ఆ చుట్టుపక్కల పది ఊళ్లు సోలార్ పేరెత్తవు. అందుకే ఏ నెలకు ఎన్ని యూనిట్లు వస్తాయో ఆ మండలం లెక్క ప్రకారం ఒప్పంద పత్రంలో రాసి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఎండాకాలంలో గ్రిడ్‌కు ఇచ్చిన మిగులు యూనిట్లు వానాకాలంలో వాడుకునేలా నెట్ మీటర్ సర్దుబాటు ఏడాది పొడవునా, మధ్యలో తెగకుండా సాగాలి.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు, కేటాయింపు రూ.75,021 కోట్లు. ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు అంతకంటే ఎక్కువైతే రూ.78,000 రాయితీ. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా ఏర్పాటు చేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ మన్యం ఇంటి గుమ్మంలో నిలబడి ఈ పథకాన్ని చూస్తే రెండు పెద్ద ఖాళీలు కనిపిస్తాయి.

మొదటిది కరెంటు కోత. కొండ దారుల వెంట, అడవి మధ్య సాగే లైన్లు గాలివానకు తెగుతాయి, చెట్లు మీద పడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ప్రాంతం పడ్డ చీకటి పాట్లు ఎవరూ మరిచిపోలేదు. ‘సోలార్ ఉంది కదా, ఇక మనకు కరెంటు పోదు’ అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. సూర్యఘర్ కింద సాధారణంగా బిగించేది గ్రిడ్‌తో కలిపిన ఇన్వర్టర్. తెగిన లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా, గ్రిడ్‌లో కరెంటు పోయిన క్షణమే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలన్నది నిబంధన. ప్రాణరక్షణ కోసం పెట్టిన ఆ నిబంధనను తప్పుపట్టలేం. ఫలితం మాత్రం ఇది: మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా, కప్పు మీద ప్యానెళ్లు మెరుస్తున్నా, లైను లేకపోతే ఇంట్లో బల్బు వెలగదు. దీనికి విరుగుడు బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్. రాయితీ లెక్కంతా ప్యానెళ్ల కిలోవాట్ల మీదే కనుక బ్యాటరీ ఖర్చు ఇంటివారి నెత్తిన పడుతుంది. కోతలు అరుదైన నగరానికి బ్యాటరీ విలాసం కావచ్చు, కొండ మీద అదే అసలు అవసరం.

రెండోది బిల్లు. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఇప్పటికే ఉచితం. నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, టీవీ, ఫోన్ల చార్జింగు ఉన్న ఇల్లు ఆ హద్దు దరిదాపులకు కూడా వెళ్లదు. బిల్లే కట్టని కుటుంబానికి ‘బిల్లు తగ్గుతుంది’ అని చెబితే ఏం లాభం? ఆ కప్పు మీద ప్యానెళ్లు పెడితే తగ్గేది ప్రభుత్వం మోసే ఉచిత విద్యుత్ భారం. రాత్రి వెలుగు కోసం బ్యాటరీ రూపంలోనో, గ్రిడ్‌కు వెళ్లే మిగులు యూనిట్ల సొమ్ము రూపంలోనో ఆ ఆదాలో ఇంటివారికి వాటా దక్కాలి. ఆ మిగులు ఎవరిదో, ఎప్పుడు చేతికి వస్తుందో తెలుగులో రాసి ఇవ్వాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే గూడేల్లో వారి భాషలో చదివి వినిపించాలి. సంతకం పెట్టించుకుని కప్పు వాడుకోవడం మాత్రమే పథకమైతే అది మన్యానికి చేసే మేలు కాదు.

ఇవ్వడానికి డబ్బెక్కడిదని ఆర్థిక శాఖ అడగవచ్చు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు ఇస్తోంది. సీలేరు నీళ్లు దశాబ్దాలుగా టర్బైన్లు తిప్పుతున్నాయి. ఈ కొండల్లో పుట్టిన కరెంటు పెద్ద పెద్ద తీగల మీదుగా మైదానానికి దిగి పరిశ్రమలను నడిపింది. ఆ తీగల కిందనే ఎన్నో గూడేలు ఏళ్ల తరబడి కిరోసిన్ బుడ్ల వెలుగులో బతికాయి. ఒక్కో ఇంటికి ఒక చిన్న లిథియం బ్యాటరీ ఆ బాకీలో వడ్డీకి కూడా సరిపోదు.

ఇక బిగింపు. దేశమంతటికీ ఒకే నమూనా పెట్టుకుని వచ్చే కాంట్రాక్టరు ఇక్కడ తడబడతాడు. చాలా ఇళ్లు రేకులవి, పెంకులవి. అవి ప్యానెళ్ల బరువును, ఈదురుగాలిని తట్టుకోలేకపోవచ్చు. పెరట్లో ఇనుప స్తంభాల మీదనో, గూడెం మొత్తానికి ఉమ్మడిగా ఒకే చోటనో పెట్టే వీలు పథకంలో స్పష్టంగా ఉండాలి. కాఫీ తోటలకు నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు ఇళ్లను ఆనుకునే ఉంటాయి. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద చెట్టు నీడ పడితే, కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటితే రెండోదీ వెనకబడినట్టు, వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు. అందుకని గిరిజన రైతుకు బువ్వ పెట్టే చెట్టును కొట్టమనకూడదు. ఒక్కో ప్యానెల్‌కు విడిగా మైక్రో ఇన్వర్టర్ పెడితే నీడ పడ్డదాని నష్టం దానితోనే ఆగుతుంది. కొంత ఖరీదెక్కువ, కొండకు అదే సరైనది. పిడుగులు ఎక్కువగా పడే చోటు కాబట్టి ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా బిగించిన కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించకూడదు.

బిగించాక చెడిపోతే ఎవరు చూస్తారన్నది ఇంకా ముఖ్యం. ఇన్వర్టర్ ఆగిపోయి విశాఖ నుంచి మనిషి వచ్చేదాకా నెలలు గడిస్తే ఆ ప్యానెళ్లు అలంకారంగా మిగిలిపోతాయి. వెలగని సోలార్ వీధి దీపపు స్తంభాలు చాలా ఊళ్లలో ఇందుకు సాక్ష్యం చెబుతున్నాయి. మండలానికి కొందరు గిరిజన యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, విడిభాగాలు పాడేరులోనే నిల్వ ఉంచి, మరమ్మతు గడువు దాటితే కాంట్రాక్టరు డిపాజిట్ నుంచి కోత వేసే షరతు పెట్టాలి. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఈ బాధ్యతను విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) మీదికి, డిస్కం కాంట్రాక్టరు మీదికి నెట్టుకోవడానికి వీల్లేకుండా ఒక అధికారిని జవాబుదారీ చేయాలి.

ఈ పని ఆశ్రమ పాఠశాలల నుంచే మొదలుపెట్టవచ్చు. వాటికి గట్టి కాంక్రీటు కప్పులు ఉన్నాయి, రాత్రి చదువుకునే పిల్లలున్నారు, కరెంటు పోతే ఆగిపోయే నీటి మోటార్లున్నాయి. అరకు, పాడేరు, చింతపల్లి మండలాల్లోని ఆశ్రమ పాఠశాలలన్నిటి మీదా బ్యాటరీలతో సహా ప్యానెళ్లు వచ్చే వానాకాలం లోపే బిగించాలి. ఏ నెలలో ఎన్ని యూనిట్లు వచ్చాయో, ఎన్ని గంటలు లైను లేకుండా గడిచిందో, ఆ గంటల్లో బ్యాటరీ ఎంతసేపు ఆదుకుందో బడి గోడ మీద నెలనెలా రాయించాలి. జులై అంకె తక్కువగా ఉంటుంది, ఉన్నది ఉన్నట్టే రాయాలి. పిల్లల్ని చూడటానికి వచ్చే తల్లిదండ్రులు ఆ గోడ చదివి, తమ ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలో వాళ్లే అడుగుతారు.