కట్టని ఇంటి చలనచిత్రం

తిరువూరు ప్రాంతంలోని పెనుగొలను వంటి పల్లెలో కూర్చునే నేడు ఒక కుటుంబం విజయవాడలో ఇంకా పునాదైనా తీయని ఇంటిని చుట్టి రాగలదు. ఫోనులో నాలుగు నిమిషాల యానిమేషన్ చిత్రం చాలు. గేటు తెరుచుకుంటుంది, చెట్ల నీడలో పిల్లలు ఆడుతుంటారు, వంటగదిలో ఉదయపుటెండ పడుతుంది. చూస్తున్న ఇల్లాలికి అది అప్పుడే తన ఇల్లైపోతుంది. పొలం అమ్మిన సొమ్మో, గల్ఫ్‌లో చెమటోడ్చిన సంపాదనో బయానాగా చేతులు మారేది ఆ క్షణంలోనే.

ఆ చిత్రం ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. ఇంటి ప్లానును కంప్యూటర్‌లో త్రిమితీయ రూపంగా మలచి, అందులో వెలుగును, కెమెరాను అమర్చుతారు. కెమెరా కోణాన్ని విశాలం చేస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది. నాటని మొక్క మహావృక్షమవుతుంది. పక్కనున్న ఇరుకు సందు పచ్చిక బయలవుతుంది. చివరన చిన్న అక్షరాలలో ‘ఇది ఊహాచిత్రం మాత్రమే’ అని ఉంటుంది.

చిత్రానికీ కట్టడానికీ మధ్య ఎంత దూరముంటుందో అమరావతి మనకు చూపింది. 2015 అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన జరిగింది. లండన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థ నమూనాలు గీసింది. 2017లో దర్శకుడు రాజమౌళి సలహాలు కూడా తీసుకున్నారు. తెరపై నగరం క్షణాలలో లేచి నిలిచింది. నేలమీద మాత్రం 2019 తర్వాత పనులు స్తంభించి, 2025 మే 2న తిరిగి ప్రారంభమయ్యాయి. బొమ్మ గీసినవారు మోసగించారని కాదు. ధనం, కాలం, రాజకీయం బొమ్మలో కనిపించవు. ప్రభుత్వం తలపెట్టిన పనికే ఇంత ఆటుపోటుంటే, ఒక వ్యాపారి వెంచరు మాటేమిటి?

కట్టని ఇంటిని కొనడం షరీఅత్‌లో సర్వత్రా నిషిద్ధం కాదు. చేయించుకునే వస్తువుకు సంబంధించిన ‘ఇస్తిస్నా’ ఒప్పందం ఉంది. అయితే వస్తువు లక్షణాలు, ధర స్పష్టంగా ఉండాలి. ముందుగా సొమ్మిచ్చి పండ్లు కొనే మదీనావాసులకు దైవప్రవక్త (సల్లం) కొలత, తూకం, గడువు నిర్ణయించుకోవాలని బోధించారు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గుర్తించినప్పుడు, దానిని పైకి కనిపించేలా ఎందుకు ఉంచలేదని అమ్మకందారుని నిలదీశారు. ఎండిన గింజలను మాత్రమే పైన పేర్చే చిత్రాలకు ఇంతకన్నా తగిన హెచ్చరిక ఏముంటుంది?

దేశ చట్టమూ కొనుగోలుదారుని పక్షాన ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదు అవసరమైన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటించరాదు. రాతపూర్వక ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. ప్రకటనలోని అసత్యాన్ని నమ్మి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. ఆ ప్రాజెక్టు నుండి వైదొలగదలిస్తే కట్టిన సొమ్మును వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ వడ్డీ విషయంలో ఏమి చేయాలో ఆలిములను సంప్రదించండి.

కనుక రెరా నమోదు సంఖ్య అడగండి. ఆమోదిత ప్లానును చిత్రంతో పోల్చండి. చిత్రంలో మీ మనసును ఆకట్టుకున్న తోట, రోడ్డు, నీటి వసతి ఒప్పంద పత్రంలో ఉన్నాయా, చూడండి. చిత్రాన్ని ఫోనులో భద్రపరచుకోండి, రేపు అదే సాక్ష్యం కావచ్చు. ఈ విద్య నేర్చిన మన యువకులు కూడా ప్లానులో లేని చెట్టును, రోడ్డును గీయమన్నప్పుడు నిరాకరించాలి. హలాల్ సంపాదన గీసే చేతికీ వర్తిస్తుంది.