చదవకుండానే ఇరవైకి పద్దెనిమిది

"ముందు ప్యాసేజీ చదవకండి. ప్రశ్నలు చూడండి. ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజీలో ఏ లైన్లో ఉందో వెతకండి. ఆ లైను ఎత్తి రాసేయండి." పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఈ మాట మీరూ వినే ఉంటారు. బళ్ళో చెప్తారు, ట్యూషన్లో చెప్తారు, యూట్యూబులో అయితే ఏదో దేవరహస్యం విప్పుతున్నట్టు చెప్తారు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు రీడింగ్ కాంప్రహెన్షన్ ప్రాక్టీసు. అంటే చదివి అర్థం చేసుకునే సాధన. "చదవకండి" అన్న మాటతో మొదలయ్యే చదువు ఇంకెక్కడైనా ఉందా అసలు?

సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లీషు రాతపరీక్ష 80 మార్కులకి. అందులో 20 మార్కులు పిల్లలు అంతకుముందు చూడని ప్యాసేజీలవి. అంటే పావు వంతు. అందుకే వీటికి విడిగా పుస్తకాలు, విడిగా ట్యూషన్లు. మా అమ్మాయిది ఈ ఏడు పదో తరగతి. దాని బల్ల మీద ఇలాంటి ప్యాసేజీల పుస్తకం ఒకటుంది, ఇటుకంత లావు. రోజుకి రెండు చేస్తుంది. ఇరవైకి పద్దెనిమిది తగ్గదు. మా వారు ఆ మార్కులు చూసి "ఇంక ఇంగ్లీషు గురించి బెంగ లేదు" అన్నారు. నాకు బెంగ అక్కడే మొదలైంది.

ఎందుకో చెప్తాను. దానికి ముందు మీకో చిన్న పరీక్ష. నేను డిగ్రీలో తెలుగు చదివినదాన్ని కాబట్టి ప్యాసేజీ తెలుగులోనే ఇస్తున్నాను.

నిన్న సాయంత్రం గొంబిలి లుట్టు ఒకటి మెడుపులోకి దూరి రెండు చిగుటలను దరిగింది. దాంతో చిగుటల తొణప పిచ్చలిపోయింది. ఇది చూసి డంబరి ఊరుకోలేదు. లుట్టును పట్టుకుని గట్టిగా జుణికింది.

లుట్టు ఎన్ని చిగుటలను దరిగింది? రెండు. ఎక్కడ? మెడుపులో. చిగుటల తొణప ఎందుకు పిచ్చలిపోయింది? లుట్టు దరిగింది కనక. లుట్టును జుణికింది ఎవరు? డంబరి. నాలుగుకి నాలుగు మార్కులు, శభాష్. ఇప్పుడు తొణప అంటే ఏమిటో చెప్పండి. ఒంట్లో అవయవమా, వంటపాత్రా, పరువా? నాకూ తెలియదు. కుక్కరు మూడో విజిల్ వేసేలోపు వంటింట్లో కూర్చుని అల్లిన మాటలవి. తెలుగు విభక్తులు, క్రియాపదాలు ఎలా ఉంటాయో తెలిస్తే చాలు, జవాబులు వాటంతటవే వచ్చేస్తాయి. ఇంగ్లీషులో మన పిల్లలు చేస్తున్నది సరిగ్గా ఇదే.

బోర్డు వాళ్ళని పూర్తిగా తిట్టలేను. ప్రశ్నల్లో సగం ఆలోచించి రాసేవే ఉండాలని ఇప్పుడు వాళ్ళూ అంటున్నారు. మన ట్యూషన్ల వాళ్ళు ఊరుకుంటారా? ఆలోచించే ప్రశ్నకి కూడా ఆలోచించకుండా జవాబు పెట్టే కిటుకు కనిపెట్టారు. నాలుగు జవాబుల్లో మరీ ఖచ్చితంగా మాట్లాడే రెండూ కొట్టేయాలట, మిగిలిన రెంటిలో పొడుగ్గా ఉన్నది పెట్టాలట. నెలకి మూడు వేలు కట్టి నేర్పిస్తున్న విద్య ఇది!

నేను ఊహించి మాట్లాడుతున్నాననుకుంటారేమో. సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో మొదటి పాఠం 'ఎ లెటర్ టు గాడ్'. మెక్సికో రచయిత రాసిన కథ. లెంచో అనే రైతుకి వడగళ్ళ వానలో పంటంతా పోతుంది. వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం చూసిన పోస్టుమాస్టరుకి ముందు నవ్వొస్తుంది, తర్వాత మనసు కరుగుతుంది. తన జీతంలోంచి కొంత తీసి, తోటి ఉద్యోగుల దగ్గరా స్నేహితుల దగ్గరా పోగుచేసి, ఎలాగో డెబ్బై కూడబెట్టి దేవుడి పేరు మీద ఇస్తాడు. లెంచో లెక్కపెట్టుకుని కోపం తెచ్చుకుంటాడు. మిగతాది కూడా పంపు స్వామీ, కానీ పోస్టులో మాత్రం వద్దు, వీళ్ళంతా దొంగలు అని మళ్ళీ ఉత్తరం రాస్తాడు. కథంతా ఆ చివరి మాటలో ఉంది. చదివాక నవ్వాలో బాధపడాలో తెలియకుండా అయిపోవాలి మనిషి.

ఒక సాయంత్రం తోటకూర బాగుచేస్తూ "ఆ కథేంటో నాకు చెప్పవే" అన్నాను. ఏమంటుందో తెలుసా? "పాపం లెంచోకి పంట పోయిందమ్మా. దేవుడికి రాస్తే దేవుడు వంద పంపాడు. మధ్యలో పోస్టాఫీసు వాళ్ళు ముప్పై నొక్కేశారు."

ఈ పాఠం మీద బళ్ళో పెట్టిన పరీక్షలో దానికి పదికి తొమ్మిదిన్నర. కథలో 'ఐరనీ' ఏమిటి అన్న ప్రశ్నకి పూర్తి మార్కులు. నాలుగు వాక్యాలు తడుముకోకుండా అప్పజెప్పింది కూడా. మరి పోస్టుమాస్టరు జీతంలోంచి ఇచ్చాడని నువ్వే రాశావు కదే, దొంగలెలా అయ్యారంటే "అది గైడులో ఉందమ్మా" అంది. రాసిన చెయ్యి దానిదే, మాటలు గైడువి, కథ మాత్రం దాని తలలోకి పోనే లేదు. ఆ తొమ్మిదిన్నర దేనికి వేసినట్టు?

మా చెల్లెలి కొడుకుది ఇంకో కథ. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. వాడికి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే, మా అమ్మాయి అంత వేగం లేదు. కానీ క్రికెట్ మ్యాచ్ గురించి ఇంగ్లీషు పేపర్లో వచ్చిన ముక్క చేతికిస్తే సగం మాటలు తప్పుగా పలుకుతూనే, ఎవరు ఎందుకు ఓడిపోయారో, బౌలింగ్ ఎక్కడ మార్చి ఉండాల్సిందో అరగంట చెప్తాడు. అదే ముక్క గడగడా చదివేసిన మా అమ్మాయికి ఏమీ అంతుపట్టలేదు. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అని ఇద్దరు 64 మంది బడిపిల్లల మీద ఇలాంటిదే పరీక్షించి చూశారు. వాళ్ళది బేస్‌బాల్. ఆట తెలిసి చదువు అంతంతమాత్రంగా ఉన్న పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే కథనాన్ని ఎంతో బాగా చెప్పగలిగారు. చదవడం అనేది కళ్ళతో అయ్యే పని కాదు మరి, లోపల ఏదో ఉంటేనే బయటిది వచ్చి అతుక్కుంటుంది. ఒకరోజు పగడపు దిబ్బలు, మర్నాడు అంటార్కిటికా, ఎల్లుండి వర్క్ స్ట్రెస్ అని రోజుకో ముక్క మింగించే పుస్తకాలతో ఆ లోపలిది ఎలా తయారవుతుంది? ఒకే విషయం మీద పది రోజులు చదవనిస్తే కదా!

ఆ పిల్లాడి పుస్తకాలు చూసి నాకు అసూయ వేసింది, నిజంగా. ప్రభుత్వ బడుల ఇంగ్లీషు మీడియం పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. అర్థం కాకపోతే పక్కకి తలతిప్పి చూసుకుంటాడు. మన పిల్లలకి వేలకి వేలు పోసి కొన్న బళ్ళో ఆ పక్కపేజీ లేదు. పైగా పేరెంట్స్ మీటింగులో మనకి చెప్పేదేమిటి? "ఇంట్లో తెలుగు మాట్లాడకండి మేడమ్, కాంప్రహెన్షన్ దెబ్బతింటుంది." పిల్లకి అర్థమయ్యే ఒక్క భాషనీ నోట్లోంచి లాగేసి, ఆ తర్వాత అర్థం కావట్లేదని ట్యూషన్ పెట్టమంటారు. ఇంటర్‌కి వెళ్ళాక మార్కులొస్తాయని తెలుగు తీసేసి సంస్కృతం ఇప్పిస్తారు, అది ఇంకో గోల.

కెనడాలో జిమ్ కమిన్స్ అనే ఆయన 1979లోనే ఈ సంగతి రాశారు. ఒక భాషలో చదివి అర్థం చేసుకునే శక్తి ఉంటే అది రెండో భాషలోకీ నడిచి వస్తుంది అని. నాకు ఆయన కంటే ముందే మా కాలేజీ తెలుగు మాస్టారు చెప్పారు, పేరు వేరే పెట్టి. అన్వయం. మీలో తెలుగు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పద్యం ఇస్తే ముందు క్రియ ఎక్కడుందో పట్టుకోమనేవారు. తర్వాత ఎవరు, ఎవరిని, ఎలాంటివాడు, దేనితో, ఎందుకు అని ఒక్కొక్కటే అడుక్కుంటూ పోవాలి. చెల్లాచెదరుగా పడున్న మాటలన్నీ వచ్చి వరసలో నిలబడేవి. ఆ తర్వాతే ప్రతిపదార్థం, తాత్పర్యం. మెదక్ దగ్గర కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం చెప్పింది అన్వయం పట్టుకునే. ఇన్ని వందల ఏళ్ళ కాంప్రహెన్షన్ విద్య మన పెరట్లో ఉండగా, ప్రశ్నలో మాట ప్యాసేజీలో వెతుక్కోమని పిల్లలకి నేర్పుతున్నాం.

ఇంగ్లీషు వాక్యానికి అన్వయమేమిటని నవ్వకండి. ఈ ప్యాసేజీల్లో మూడేసి లైన్ల వాక్యాలుంటాయి. కర్త ఈ గట్టున, క్రియ ఆ గట్టున, మధ్యలో 'విచ్'లు, 'హూ'లు, కామాలు. మా అమ్మాయి అక్కడే మునిగిపోతోంది. "క్రియ ఏదో చూపించు. ఆ పని చేసింది ఎవరు? ఈ 'విచ్' ఎవరి గురించి?" అని అడిగితే పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ తనే గట్టెక్కింది. దీనికి నాకు ఇంగ్లీషు దంచికొట్టాల్సిన పనేమీ రాలేదు. ప్రశ్నలు నేను తెలుగులోనే వేశాను.

"మాకు ఇంగ్లీషు రాదండీ, మేమేం చెప్పగలం" అని పక్కకి తప్పుకునే తల్లులతోనే నా పోట్లాట. మీరు చెప్పక్కర్లేదు, వినండి చాలు. పుస్తకం మూయించి, ఇప్పుడు చదివింది నాకు చెప్పమనండి. తెలుగులో. పప్పు తాలింపు పెడుతూ వినొచ్చు. అర్థం కాని పిల్ల నసుగుతుంది, లేదా మధ్యలో దూకుతుంది. అది పట్టుకోవడానికి బీఏలు అక్కర్లేదు. రోజూ పక్కింటి గొడవ విని ఎవరిది తప్పో తేల్చేవాళ్ళమే కదా మనం! "వాడెందుకలా చేశాడు? నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడగడం మనకి ఎవరు నేర్పారు?

పరీక్షలో జవాబు ఇంగ్లీషులోనే రాయాలి, తెలుగులో చెప్పించి లాభమేంటని మా ఆడపడుచు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషులో రాయడం విడిగా సాధన చేయాలి, చేయిస్తున్నాను కూడా. కానీ చెప్పడానికి లోపల ఏదో ఉండాలి ముందు. నేను ఇంగ్లీషుకి వ్యతిరేకిని కాను. ఇంకో పదేళ్ళకి ఈ పిల్ల ఆస్పత్రిలో ఆపరేషన్ కాగితం మీద, బ్యాంకు లోను కాగితం మీద సంతకం పెట్టాలి. అవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కింద ప్రశ్నలుండవు, మాట వెతికి లైను ఎత్తి రాయడానికి.

రెండు నెలల నుంచి ఇలా చేస్తున్నాం. రోజుకి రెండు ప్యాసేజీలు మానేసి వారానికి మూడు. మార్కులు పెరిగాయా అని అడుగుతారు కనక చెప్తున్నాను, పెరగలేదు. మొన్నటి పరీక్షలో పదహారున్నర వచ్చింది. మొత్తం చదివేసరికి టైము చాలక చివరి ప్రశ్న వదిలేసిందట. మా వారు బోర్డు పరీక్షలయ్యేదాకా ఈ ప్రయోగం ఆపమన్నారు. నేను ఆపలేదు.