టార్చిలైటు రాని గూడేనికి లేజరు వెలుగట!

కత్తి పెట్టకుండా వెలుగుతోనే నోటి క్యాన్సర్‌ను చంపేస్తారన్న మాట ఈ మధ్య సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. "నిజమేనా సార్?" అని మా బడి పిల్లలు అడిగారు. నిజమే. కానీ ఎవరికి అందే నిజం? అది మనం అడగాలి.

ముందు సంగతి తెలుసుకుందాం. వెలుగు తగిలితేనే పనిచేసే మందును నరంలోకి ఎక్కిస్తారు. అది క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా నిలుస్తుంది. టెమోపోర్ఫిన్ అనే మందైతే నాలుగు రోజులాగి, ఎర్రటి లేజరు వెలుగును గడ్డ మీద కొద్ది నిమిషాలు వేస్తారు. మందు, వెలుగు, ఆక్సిజన్ మూడూ కలిసి ఆ కణాలను చంపుతాయి. తల, మెడ క్యాన్సర్లలో వేరే చికిత్సలు పనిచేయని వారి కోసం యూరప్‌లో 2001లోనే దీనికి అనుమతి దొరికింది. మంచి విద్యే, మేం కాదనడం లేదు.

అయితే ఆ వెలుగు కండలోకి సుమారు సెంటీమీటరుకు మించి దిగదు. పూర్తిగా నయం కావాలంటే జబ్బు లోతుకు పోకముందే దొరకాలి. మన దగ్గర ఎప్పుడు దొరుకుతోంది? మా గూడెం పెద్దాయనకు బుగ్గ లోపల తెల్ల మచ్చ లేస్తే, వేడి చేసిందని గోళీలిచ్చి పంపారు. నోరు తెరుచుకోక అంబలి కూడా దిగని రోజున హైదరాబాదు పొమ్మన్నారు.

ఇంకొకటి. ఆ మందు ఎక్కినవాళ్లు కనీసం రెండు వారాలు ఎండ తగలకుండా ఉండాలి, లేకుంటే చర్మం కాలుతుంది. నెల జీతగాడికి అది సెలవు. పత్తి చేనుకు పోయే మనిషికి అది పస్తు.

ఎండాకాలం తునికాకు తెంపేది మనం. అది కార్ఖానాలకు పోయి, బీడీ కట్టగా మళ్లీ మన గూడేనికే వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే గుట్కాను నిషేధించారు. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది. మరి మా పిల్లల జేబుల్లో ఆ పొట్లాలు ఎట్లా దొరుకుతున్నాయి?

కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ పోయి నోళ్లు చూశారు. పొగాకు, సారా అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. అక్కడ పనిచేసింది లేజరు కాదు, మనిషి కన్ను, మామూలు వెలుగు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి నోరూ పరీక్షించాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలిచ్చింది. మా గూడెంలో ఇంతవరకు ఎవరి నోరూ ఎవరూ చూడలేదు.

కొత్త వైద్యం మాకు వద్దనడం లేదు. అది మా దాకా రావాలంటే ముందు టార్చిలైటు రావాలంటున్నాం. యువకులారా, గ్రామసభలో ఈ పరీక్ష సంగతి అడగండి, జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఉపాధ్యాయ మిత్రులారా, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మూడు వారాలైనా మానని పుండు, మూడు వేళ్లు పట్టనంతగా బిగుసుకున్న నోరు, ఈ నాలుగు గుర్తులు ప్రతి పిల్లవాడికీ నేర్పండి. వాళ్లు ఇంటికి పోయి తాత నోరు చూస్తారు. ఏ గుర్తు కనబడినా, వేడి అని ఊరుకోకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోదాం.